మొదటి నాలుగు వరుసలు ఎందుకు కొట్టేశారు?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. కడపలో బి.ఏ. చివరి సంవత్సరం చదువుతున్నాను. ఒకటో తరగతి నుంచి తెలుగు మాధ్యమంలోనే చదివాను. గత నెలలో కడపలో పౌర సంబంధాల (పబ్లిక్ రిలేషన్స్) రంగంలోని ఉద్యోగావకాశాలపై ఒక రోజు సదస్సు జరిగితే, మా అధ్యాపకురాలు నా పేరు నమోదు చేయించి పంపారు. ఉదయం మాట్లాడినవారు తెర మీద బొమ్మలు చూపిస్తూ ఎక్కువగా ఇంగ్లిషులోనే మాట్లాడటంతో బ్రాండు, ఇమేజి అన్న రెండు మాటలు తప్ప నాకు పెద్దగా ఏమీ మిగల్లేదు. మధ్యాహ్నం, పీఆర్వోగా (పౌర సంబంధాల అధికారిగా) పనిచేసి విరమించిన ఒక పెద్దాయన మా అందరికీ తెల్లకాగితాలు పంచి, ఒక ఊహాసన్నివేశం చెప్పారు. ఒక సిమెంటు కర్మాగారం దుమ్ము పక్క ఊరి చీనీ (బత్తాయి) తోటల మీద పడింది, రైతులు లారీలను ఆపేశారు, ఆ కర్మాగారం పీఆర్వో మీరే, అరగంటలో పత్రికా ప్రకటన రాయండి అన్నారు. నేను పేజీ నిండా రాశాను. ఆయన నా కాగితాన్ని అందరికీ చదివి వినిపించి, మొదటి నాలుగు వరుసలను ఎర్ర పెన్నుతో కొట్టేసి, 'రైతు నీకు ఐదో వరుసలో గుర్తొచ్చాడా తల్లీ?' అన్నారు. హాలంతా నవ్వింది. బస్సు దిగేదాకా ఆ నవ్వే చెవుల్లో ఉంది. ఇంట్లో చెబితే మా నాన్న, 'కంపెనీల తప్పులకు సున్నం కొట్టే పని నీకెందుకమ్మా, బి.ఇడి. చెయ్యి' అన్నారు. నేను రాసిన దాంట్లో తప్పేమిటి? ఇంగ్లిషు అంతంతమాత్రంగా వచ్చిన నాలాంటివారికి ఈ రంగంలో చోటుందా? మా నాన్న అన్నది నిజమేనా? ఆ కాగితం నకలును జతచేస్తున్నాను.
– పేరు వద్దన్న విద్యార్థిని, ప్రొద్దుటూరు

జవాబు: మీరు పంపిన కాగితాన్ని రెండుసార్లు చదివాను. అందులో మొదటి వాక్యం ఇది: 'గత ఇరవై ఏళ్లుగా ఈ ప్రాంత సర్వతోముఖాభివృద్ధికి అహర్నిశలు కృషి చేస్తూ, వేలాది కుటుంబాలకు జీవనోపాధి కల్పిస్తున్న మా కర్మాగారం, పర్యావరణ పరిరక్షణకు కట్టుబడి ఉన్నదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము.' ఆకుల మీద దుమ్ము పేరుకుని తోట పాడవుతోందని రైతులు రోడ్డెక్కిన రోజున కర్మాగారం 'సంతోషిస్తున్నాము' అనవచ్చునా? ఆ ఒక్క క్రియాపదం కోసమే నేనైనా ఎర్ర పెన్ను తీసేవాణ్ణి. అయితే కొత్తగా నేర్చుకుంటున్న పిల్ల కాగితాన్ని హాలు మొత్తానికి చదివి వినిపించడం నాకు నచ్చలేదు. అదే మాటను పక్కకు పిలిచి చెప్పినా పని జరిగేది. మీతోపాటు ఆ గదిలో ఉన్నవారిలో ఎక్కువమంది అలాగే రాసి ఉంటారు కాబట్టి, ఆ నవ్వులో 'నా కాగితం తియ్యలేదు' అన్న ఊరట కూడా కొంత ఉండే ఉంటుంది.

నేను కొన్నేళ్లు ఒక దినపత్రిక జిల్లా డెస్కులో ఉపసంపాదకుడిగా, ఆ తరువాత ఒక ఆసుపత్రిలో పీఆర్వోగా పనిచేశాను కాబట్టి, మీ కాగితం బల్లకు అవతలివైపు ఎలా కనబడుతుందో చెప్పగలను. సాయంత్రం ఆరు దాటాక డెస్కుకు పత్రికా ప్రకటనలు కుప్పగా వచ్చిపడతాయి. ఒకప్పుడు ఫ్యాక్సులోనూ మనిషి చేతిలోనూ వచ్చేవి, ఇప్పుడు వాట్సాప్‌లో వస్తున్నాయి. ఒక్కొక్క దానికి ఉపసంపాదకుడు ఇవ్వగలిగింది నిమిషమో, నిమిషంన్నరో. మొదటి రెండు వాక్యాల్లో వార్త కనబడకపోతే తరువాతి దానికి వెళ్లిపోతాడు. కనబడి, పేజీలో చోటు చాలకపోతే, కింది నుంచి పైకి కోసుకుంటూ వస్తాడు. మీ ప్రకటనలో రైతుల ఫిర్యాదు ఐదో వరుసలోనూ, యంత్రాన్ని బాగుచేయిస్తున్నామన్న ముఖ్యమైన సంగతి చిట్టచివరా ఉన్నాయి కాబట్టి, ఆ కోతలో మొట్టమొదట పోయేది ఆ సంగతే. మిగిలేది ఇరవై ఏళ్ల కృషి. దాన్ని ఏ పత్రికా ఉచితంగా అచ్చువేయదు, డబ్బు కట్టించుకునే వాణిజ్య ప్రకటనల విభాగానికి వెళ్లమంటుంది.

అదే సన్నివేశాన్ని నేనైతే ఇలా మొదలుపెడతాను: 'చీనీ తోటలపై సిమెంటు దుమ్ము పడిందని రైతులు ఫిర్యాదు చేయడంతో కర్మాగారం అధికారులు బుధవారం ఆ తోటలను పరిశీలించారు. దుమ్మును పట్టి ఉంచే బ్యాగ్ ఫిల్టరులో సోమవారం రాత్రి లోపం ఏర్పడిందని, మరమ్మతు పూర్తయ్యేదాకా ఆ విభాగాన్ని ఆపివేశామని మేనేజరు తెలిపారు. పంట నష్టాన్ని ఉద్యానశాఖ అధికారుల సమక్షంలో అంచనా వేయించి పరిహారం చెల్లిస్తామని చెప్పారు.' ఇందులో అలంకారమేమీ లేదు. కానీ ఈ మూడు వాక్యాలు రాయాలంటే ముందు ఎన్ని పనులు జరగాలో చూడండి. ఎవరో ఒకరు తోటకు వెళ్లి ఆకును వేలితో రుద్ది చూడాలి. ఫిల్టరు ఎప్పుడు చెడిందో ఇంజనీరును అడిగి తెలుసుకోవాలి. ఆయన ఒకపట్టాన చెప్పడు. పరిహారం మాట రాయాలంటే ఆ మాటకు యాజమాన్యాన్ని ఒప్పించి ఉండాలి. కలం పట్టకముందే జరిగే ఈ తిరుగుడే పీఆర్వో ఉద్యోగంలో పెద్ద భాగం, సదస్సుల్లో తెర మీద బొమ్మగా చూపించడానికి వీలుకానిది కూడా ఇదే. ఉదయం ఉపన్యాసాల్లో ఏమీ మిగల్లేదని బాధపడుతున్నారు గానీ, ఆ అరగంట కోసమే ఆ రోజంతా కూర్చున్నా నష్టం లేదని నా అభిప్రాయం.

మీ నాన్నగారి అనుమానాన్ని కొట్టిపారేయలేను. ఈ వృత్తికి ఆద్యుల్లో ఒకరుగా చెప్పే అమెరికన్ ఐవీ లీ జీవితంలోనే రెండు పక్కలూ కనిపిస్తాయి. 1906 అక్టోబరులో అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్ రైలు వంతెన మీద నుంచి నీళ్లలో పడి 50 మందికి పైగా చనిపోయినప్పుడు, ప్రమాదాలను దాచిపెట్టడమే రైల్వే కంపెనీల అలవాటుగా ఉన్న ఆ కాలంలో, ఆయన జరిగింది జరిగినట్టు పత్రికలకు రాతపూర్వకంగా ఇప్పించి, విలేకరులను ప్రమాదస్థలానికి తీసుకెళ్లే ఏర్పాటు చేశాడు. తొలి పత్రికా ప్రకటనగా ఇప్పటికీ దాన్నే చెబుతుంటారు. అదే మనిషి 1914లో కొలరాడోలోని లడ్లోలో సమ్మె చేస్తున్న గనికార్మికుల గుడారాలపై దాడి జరిగి ఆడవాళ్లు, పిల్లలు చనిపోయిన తరువాత, గని యజమానుల తరఫున బులెటిన్లు వెలువరించాడు. వాటిలో సమ్మె నాయకుల జీతాలను ఎన్నో రెట్లు పెంచి చూపిన అంకెలు తప్పని తరువాత తేలింది. యాజమాన్యం ఇచ్చిన అంకెలను సరిచూడకుండా వాడుకోవడం వల్ల వచ్చిన అపకీర్తి ఆయనను చివరిదాకా వదల్లేదు. మన దేశంలో పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా 1958లో ఏర్పడింది. 1968 ఏప్రిల్ 21న ఢిల్లీలో జరిగిన తొలి అఖిల భారత సదస్సులో వృత్తి నియమావళిని స్వీకరించారు. ఏటా ఆ తేదీన పౌర సంబంధాల దినోత్సవం జరుపుతారు. నియమావళి ఉన్నంత మాత్రాన సున్నం కొట్టేవారు లేకుండా పోలేదని మీ నాన్నగారు అంటే, నేను కాదనను.

నా సంగతే చెబుతాను. ఆసుపత్రిలో చేరిన కొత్తలో, ఒక రాత్రి వార్డులో ఆక్సిజన్ అందక రోగులు ఇబ్బంది పడ్డారని ఒక విలేకరి ఫోన్ చేశాడు. పైవాళ్లను అడిగితే 'అలాంటిదేమీ లేదని ఇచ్చెయ్' అన్నారు. వార్డు దాకా నాలుగడుగులు నడిచి చూడకుండానే ఇచ్చేశాను. మర్నాడు ఖాళీ సిలిండర్ల ఫోటో, దాని పక్కనే నా ఖండన అచ్చయ్యాయి. ఆ తరువాత చాలా కాలం, రక్తదాన శిబిరం జరిగిందని రాసి పంపినా విలేకరులు మరొకరిని అడిగి నిర్ధారించుకునేవారు. యాజమాన్యం నన్ను ఒక్క మాట అనలేదు. పోయింది నా మాట విలువ.

ఇక ఇంగ్లిషు సంగతి. మన జిల్లాల్లో ఈ పని ముప్పాతిక మువ్వీసం తెలుగులోనే నడుస్తుంది. కలెక్టరేటు నుంచి జిల్లా సమాచార పౌర సంబంధాల అధికారి కార్యాలయం రోజూ పంపే ప్రకటనలు తెలుగులో ఉంటాయి. ఆసుపత్రులు, కాలేజీలు, కర్మాగారాలు, దేవస్థానాలు, స్వచ్ఛంద సంస్థలు స్థానిక విలేకరులకు ఇచ్చేదీ తెలుగులోనే. ఇంగ్లిషులో వచ్చిన సాంకేతిక నివేదికను చదివి, రైతుకు అర్థమయ్యే తెలుగులో నాలుగు ముక్కలు రాయగలవాళ్లు దొరకడం కష్టం. అందుచేత ఇంగ్లిషులో గడగడా మాట్లాడటం కన్నా చదివి అర్థం చేసుకోవడం మీద ముందు కష్టపడండి. కానీ హైదరాబాదు, బెంగళూరు ఏజెన్సీల్లో చేరాలంటే మాట్లాడటం, రాయడం కూడా తప్పవు, ఆ విషయంలో మిమ్మల్ని మభ్యపెట్టను. చదువుకు కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయంలో, తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో జర్నలిజం విభాగాలున్నాయి. సివిల్ సర్వీసెస్ పరీక్ష ద్వారా ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీసుకు వెళ్లే దారి కూడా ఉంది. బి.ఇడి. చేయమన్న మీ నాన్నగారి మాటను కూడా తోసిపుచ్చకండి. ఈ రంగంలో మొదటి రెండు మూడేళ్ల జీతాలు ఆయనను మెప్పించేలా ఉండవు.

ఈలోగా మీ కాలేజీలో జాతీయ సేవా పథకం శిబిరమో, పాత విద్యార్థుల సమావేశమో జరిగితే ఆ ప్రకటన రాసే పని అడిగి తీసుకోండి. మర్నాడు పేపర్లో వచ్చినదాన్ని మీరు రాసిన దాని పక్కన పెట్టుకుని, డెస్కువాళ్లు ఏం కోశారో గీతలు గీసి చూసుకోండి. ఆ చీనీ తోటల ప్రకటనను కూడా మళ్లీ రాసి నాకు పంపండి. పంపేముందు మరొకటి సరిచేయండి: ఎర్ర పెన్నుకు దొరకని తప్పొకటి మీ కాగితం అడుగున ఉంది. తేదీ వేశారు, ఊరు రాశారు, 'ఇట్లు, పీఆర్వో' అని సంతకం కూడా చేశారు గానీ, రాత్రి ఎనిమిదికి విలేకరికి సందేహం వస్తే ఎవరిని అడగాలో, ఆ ఫోన్ నంబరు లేదు.