బొమ్మ నాలుగు నిమిషాలకే ఎందుకు ఆగింది? నెట్‌వర్కింగ్ వైపు చూస్తున్న డిప్లొమా విద్యార్థినికి సలహా

ప్రశ్న: మాది నరసన్నపేట. మా పాప శ్రీకాకుళంలో పాలిటెక్నిక్ ఈసీఈ ఆఖరి ఏడాది. నెట్‌వర్కింగ్ అంటే ఇష్టం. మొన్న పైడిభీమవరం వైపు ఒక ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూకి వెళ్తే, "కొత్త మేనేజ్డ్ స్విచ్‌కి కెమెరాలు కలిపాం. బొమ్మ వస్తుంది, నాలుగు నిమిషాలు దాటాక ఆగిపోతుంది. ఏమై ఉంటుంది?" అని అడిగారట. కేబుల్ చూడాలి అని చెప్పి వచ్చేసింది. హైదరాబాద్ పంపి సర్టిఫికెట్ కోర్సు చేయించమంటున్నారు తెలిసినవాళ్లు. పంపమంటారా, ఈసెట్ రాయించమంటారా?

జవాబు: ఈసెట్ రాయించండి. హైదరాబాద్ ఇప్పుడే వద్దు. డిప్లొమాతో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి ఉండగా దాన్ని వదులుకుని అమీర్‌పేటలో గది అద్దె కట్టడం ఎందుకు? ఇక ఆ ప్రశ్న సంగతి. అది చాలా మంచి ప్రశ్న. స్విచ్ అంటే నెట్‌వర్క్ కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె, మేనేజ్డ్ అంటే దాని అమరికలు మనం మార్చుకోగలిగేది. దాని లోపల ఉండే రెండు పట్టికలు చదవడం వస్తే దానికి జవాబు దొరుకుతుంది. ఆ చదవడం ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు.

మొదటిది మ్యాక్ అడ్రస్ టేబుల్. ఒక పోర్టులోకి (కేబుల్ గుచ్చే చోటు) ఫ్రేమ్, అంటే సమాచారపు పొట్లం, రాగానే, పంపిన పరికరం మ్యాక్ అడ్రస్ (తయారీలోనే దానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య), ఆ పోర్టు నంబరు, వీల్యాన్ (స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్ భాగం) నంబరు ఈ మూడింటినీ స్విచ్ రాసుకుంటుంది. ఎవరికి వెళ్లాలో ఆ అడ్రస్ పట్టికలో లేకపోతే, ఆ వీల్యాన్‌లోని మిగతా పోర్టులన్నింటికీ పంపేస్తుంది. సిస్కో స్విచ్‌లలో 300 సెకన్లపాటు ఆ అడ్రస్ నుంచి ఏమీ రాకపోతే వరస చెరిగిపోతుంది. ఈ గడువును ఊరికే మార్చకూడదు. బాగా తగ్గిస్తే స్విచ్ మాటిమాటికీ మరిచిపోయి అన్ని పోర్టులకీ పంపుతుంటుంది. సున్నా పెడితే అసలు చెరపదు, తీసేసిన పరికరాల అడ్రస్‌లు కూడా అలాగే పేరుకుపోతాయి.

చేత్తో స్టాటిక్ అడ్రస్ రాసిపెట్టే పని వేరు. ఎప్పుడూ వినడమే తప్ప తనంతట తాను మాట్లాడని పరికరానికి అది పనికొస్తుంది. కానీ ఆ కేబుల్‌ను ఎవరైనా పీకి పక్క పోర్టులో పెట్టారంటే, లింకు లైటు వెలుగుతూనే ఉంటుంది, పరికరానికి మాత్రం ఏదీ చేరదు. కొత్తవాళ్లు గంటలకొద్దీ కేబుళ్లు మార్చేది ఇక్కడే. అలాగే ఒకే అడ్రస్ ఇప్పుడు 3వ పోర్టులో, మరుక్షణం 7వ పోర్టులో కనిపిస్తూ ఉంటే, ఎవరో ఒక ప్యాచ్ కార్డు రెండు కొసలూ ఒకే నెట్‌వర్క్‌లో గుచ్చి లూప్ చేసి ఉంటారని ముందు అనుమానించాలి.

ఫ్యాక్టరీవాళ్ల ప్రశ్న రెండో పట్టికది, అంటే ఏ వీడియో ఏ పోర్టుకు వెళ్లాలో రాసుకునే పట్టికది. కెమెరా ఒక్కసారి పంపిన వీడియోను పదిమంది చూడాలంటే దాన్ని మల్టీకాస్ట్‌లో పంపుతారు. ఆ వీడియో వినేవాళ్లందరినీ కలిపి గ్రూపు అంటారు, ఆ గ్రూపు ఐపీ అడ్రస్ 224 నుంచి 239 మధ్య అంకెతో మొదలవుతుంది. ఎవరు వింటున్నారో స్విచ్‌కు తెలియకపోతే అన్ని పోర్టులకీ వదిలేస్తుంది. 16 కెమెరాలు ఒక్కొక్కటి 4 ఎంబీపీఎస్ పంపితే 64 ఎంబీపీఎస్. 100 ఎంబీపీఎస్ పోర్టు మీదున్న ప్రింటర్‌కో, మెషీన్ నడిపే పీఎల్‌సీకో ఆ 64 కూడా వచ్చి పడుతుంది. వైఫై యాక్సెస్ పాయింట్ అయితే మరీ కష్టం. మల్టీకాస్ట్‌ను అది మామూలుగా తక్కువ వేగంలో ప్రసారం చేస్తుంది కాబట్టి గాలి అంతా దానికే సరిపోతుంది.

అందుకే ఐజీఎంపీ స్నూపింగ్. ఐజీఎంపీ అంటే గ్రూపులో చేరడానికి కంప్యూటర్లు వాడే పద్ధతి, స్నూపింగ్ అంటే ఆ మాటలను పొంచి వినడం. చూసే కంప్యూటర్ "నాకు ఈ గ్రూపు కావాలి" అని పంపే రిపోర్టును స్విచ్ పొంచి విని, ఆ గ్రూపు ఎదుట ఆ పోర్టును రాసుకుంటుంది. తర్వాత వీడియో అక్కడికే వెళ్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది. "ఇంకా ఎవరైనా వింటున్నారా?" అని ఒకరు మధ్యమధ్యలో అడుగుతూ ఉండాలి. అడిగేదాన్ని క్వెరియర్ అంటారు. మామూలుగా రూటర్ ఆ పని చేస్తుంది. ప్రామాణిక లెక్క ప్రకారం 125 సెకన్లకొకసారి అడుగుతుంది. రెండుసార్ల వ్యవధి 250, జవాబుకు 10 సెకన్లు, మొత్తం 260. అంతలోగా రిపోర్టు రాకపోతే ఆ పోర్టు కొట్టేస్తారు.

కెమెరాల వీల్యాన్‌ను విడిగా పెట్టి దానికి రూటర్ కలపలేదనుకోండి. అడిగేవారు లేరు. మొదట చేరేటప్పుడు కంప్యూటర్ తనంతట తానే రిపోర్టు పంపుతుంది కాబట్టి బొమ్మ వస్తుంది. తర్వాత ఎవరూ అడగరు, అదీ మాట్లాడదు. 260 సెకన్లు, అంటే నాలుగు నిమిషాల ఇరవై సెకన్లకు వరస చెరిగిపోతుంది, బొమ్మ ఆగిపోతుంది. పట్టికలో ఏ పోర్టూ లేని గ్రూపును అందరికీ వదిలేలా అమర్చిన స్విచ్‌లో అయితే బొమ్మ ఆగదు, నెట్‌వర్క్ నిండిపోతుంది. రోగం ఒకటే, లక్షణం వేరు.

మందు: ఆ వీల్యాన్‌లో ఒక స్విచ్‌ను క్వెరియర్‌గా పెట్టి, దానికి ఆ వీల్యాన్‌లోనే ఒక ఐపీ అడ్రస్ ఇవ్వాలి. ఇద్దరు క్వెరియర్లు ఉంటే తక్కువ ఐపీ ఉన్నదే అడుగుతుంది, కాబట్టి గొడవ రాదు. చాలామంది చేసే తప్పు స్నూపింగ్‌నే ఆపేయడం. బొమ్మ తిరిగి వస్తుంది, అందరూ సంతోషిస్తారు, మర్నాడు బిల్లింగ్ సెక్షన్ నుంచి నెట్ నెమ్మదించిందని ఫోన్ వస్తుంది. ఇంటర్వ్యూలో "స్నూపింగ్ ఆపేస్తాను" అన్నవారికీ, "క్వెరియర్ ఉందో లేదో చూస్తాను" అన్నవారికీ ఉన్న తేడాను అడిగేవారు వెంటనే పట్టుకుంటారు.

గ్రూపు అడ్రస్ ఎంచుకోవడంలోనూ జాగ్రత్త కావాలి. 224.0.0 తో మొదలయ్యేవి ప్రోటోకాల్స్ కోసం ఉంచినవి, స్విచ్‌లు వాటిని అన్ని పోర్టులకీ పంపుతాయి. కెమెరాలకు 239 తో మొదలయ్యేవి వాడాలి. ఐపీలో చివరి 23 బిట్లే మల్టీకాస్ట్ మ్యాక్‌లోకి వెళ్తాయి కాబట్టి 32 ఐపీలకు ఒకటే మ్యాక్ అవుతుంది. 239.1.1.1కీ 239.129.1.1కీ మ్యాక్ ఒకటే. మ్యాక్‌ని బట్టి పంపే స్విచ్‌లో ఒక కెమెరా వీడియో కావాలంటే రెండోదాని వీడియో కూడా వచ్చేస్తుంది.

నేర్చుకోవడానికి ఖర్చు పెద్దగా లేదు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకుంటే ప్యాకెట్ ట్రేసర్ (కంప్యూటర్ తెర మీదే నెట్‌వర్క్ కట్టి చూసే సాఫ్ట్‌వేర్) ఉచితం. మొదటి పట్టికకు అది సరిపోతుంది. రెండోదానికి లినక్స్ వేసిన పాత కంప్యూటర్ ఒక్కటి చాలు. నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లతో (ఒకే కంప్యూటర్‌లో విడివిడి నెట్‌వర్క్‌లు చేసే లినక్స్ సౌకర్యం) అందులోనే మూడు కంప్యూటర్లను సృష్టించి, ఒక బ్రిడ్జ్‌కు, అంటే లినక్స్ లోపలి స్విచ్‌కు, కలపమనండి. ఒకదాని నుంచి మల్టీకాస్ట్ పంపి, రెండోదాన్ని గ్రూపులో చేర్చి, మూడోదాని మీద టీసీపీడంప్ (వచ్చే పోయే ప్యాకెట్లను చూపించే ప్రోగ్రాం) నడపాలి. క్వెరియర్ లేనప్పుడు లినక్స్ బ్రిడ్జ్ అందరికీ వదిలేస్తుంది కాబట్టి మూడోదానికీ వీడియో వస్తూ ఉంటుంది. బ్రిడ్జ్‌లో క్వెరియర్ ఆన్ చేస్తే కాసేపటికి అక్కడ ఆగిపోతుంది. 'బ్రిడ్జ్ ఎఫ్‌డీబీ షో' మొదటి పట్టికను, 'బ్రిడ్జ్ ఎండీబీ షో' రెండోదాన్ని చూపిస్తాయి. బొమ్మ ఆగిపోవడాన్ని కళ్లారా చూడాలంటే అసలు స్విచ్ కావాలి. కాలేజీ ల్యాబ్‌లో ఉంటే సార్‌ని అడిగి ఒక మధ్యాహ్నం తీసుకోమనండి.

సీసీఎన్ఏ (సిస్కో ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) పరీక్ష రాయవచ్చు, కానీ దాని ఫీజు 300 డాలర్లు, పైన పన్ను. ఈసెట్ అయ్యాక, బీటెక్ మూడో ఏడాదిలో రాస్తే ఉద్యోగాల వేళకు తాజాగా ఉంటుంది. మల్టీకాస్ట్ అందులో పెద్దగా రాదు, అందుకే విడిగా చేయమంటున్నాను. మీ దగ్గరి ఫార్మా యూనిట్లు, విశాఖ పరిశ్రమలు, విమానాశ్రయాల లాంటి చోట్ల కెమెరాలు, మెషీన్లు, ఫోన్లు అన్నీ ఈ స్విచ్‌ల మీదే నడుస్తాయి. అయితే ముందే చెప్పాలి: తొలి ఉద్యోగం చాలావరకు షిఫ్టుల్లో ఉంటుంది, రాత్రి డ్యూటీ తప్పదు. మీ ఇంట్లో ఆ మాట ఇప్పుడే మాట్లాడుకోండి.

ల్యాబ్ చేశాక ఆ ఇంటర్వ్యూ చేసినవారికి మీ అమ్మాయిని ఒక చిన్న మెయిల్ రాయమనండి: "ఆ వీల్యాన్‌లో క్వెరియర్ లేదని అనుమానం. 'షో ఐపీ ఐజీఎంపీ స్నూపింగ్ క్వెరియర్' ఖాళీగా వస్తే అదే కారణం. బొమ్మ వస్తున్నప్పుడు ఒకసారి, ఆగాక ఒకసారి 'గ్రూప్స్' పట్టిక చూస్తే వరస చెరిగిపోవడం కనిపిస్తుంది."