వెర్సాయ్ ప్రాంగణపు పాత పటం కొనబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య దీవించి రాయునది.

పారిస్‌లో సేన్ నది ఒడ్డున పాత పుస్తకాలమ్మేచోట, ఫ్రాన్స్ రాజుల వెర్సాయ్ రాజసౌధాన్నీ దాని ముందరి ప్రాంగణాన్నీ చూపే ఎచింగ్ (ఆమ్లంతో తినిపించిన రాగి రేకుతో అచ్చు వేసిన బొమ్మ) ఒకటి దొరికిందనీ, అది పదిహేడో శతాబ్దపు ప్రతేనని అమ్మే ఆయన అంటున్నాడనీ, కొనవచ్చునా అనీ అడిగావు. ఫొటో చూసి తేల్చే విషయం కాదిది. మంచి భూతద్దం ఒకటి తీసుకుని పగటి వెలుతురులో మళ్ళీ వెళ్ళు. ధర మాట అప్పుడే ఎత్తకు.

ముందు బొమ్మలోని కట్టడాన్ని చూడు. ఊరివైపు నుంచి గేటు దాటి నిలబడినవారికి లోపలికి పోయేకొద్దీ ఇరుకయ్యే ప్రాంగణాలూ, వాటి కొసన నలుపు తెలుపు పాలరాళ్ళు పరిచిన చిన్న ముంగిలీ కనిపిస్తాయి. పదమూడో లూయీ వేటకు వచ్చినప్పుడు దిగేందుకు కట్టించుకున్న ఇటుక మేడను కొడుకు పద్నాలుగో లూయీ పడగొట్టకుండా, దాని చుట్టూనే కొత్త సౌధం లేపడం వల్ల ఆ ముంగిలి అలా మిగిలింది. కుడిచేతి వైపు కప్పుల మీదుగా లేచి కనిపించే ఎత్తైన ప్రార్థనాలయం 1710లో పూర్తయింది. అది నీ పటంలో ఉంటే పదిహేడో శతాబ్దం మాట అక్కడే అనుమానంలో పడుతుంది. అదే ప్రార్థనాలయం ఎడమ వైపున ఉంటే అది నకలు కావచ్చు: రాగి రేకు మీది గీత కాగితం మీద కుడి ఎడమలు మారి పడుతుంది కాబట్టి, తెలిసిన చిత్రకారుడు రేకు మీదనే తిరగేసి గీస్తాడు, అచ్చయిన పటాన్ని ఎదురుగా పెట్టుకుని ఉన్నదున్నట్టు గీసినవాడి ప్రతి తలకిందులు కాకపోయినా పక్కలు మారుతుంది.

తర్వాత గీతలు చూడు. రేకుకు ఆమ్లం తినని పూత పూసి, దాన్ని సూదితో గీసి, గీసినచోట రేకును ఆమ్లంతో తినిపిస్తారు. దూరాన ఉన్న సౌధపు గీతలను ఆమ్లం కాస్త తినగానే వార్నీషుతో కప్పేసి, ముందరి గుర్రపు బండ్లనూ కుక్కలనూ మరికాసేపు తిననిస్తారు; కిటికీలు లేతగా, బండిచక్రాలు నల్లగా పడేది అందుకే. ఆ తేడా చెరిగిపోయి సన్నగీతలు మధ్యమధ్య తెగి కనిపిస్తే అరిగిన రేకు మీద ఆలస్యంగా తీసిన ప్రతి అనుకో. భూతద్దంలో వరుస చుక్కలు తేలితే అది ఆఫ్‌సెట్ ముద్రణ, బేరం కూడా అక్కర్లేదు.

కింద ఇజ్రాయెల్ సిల్వెస్ట్ర్ పేరు ఉన్నా మురిసిపోకు. 1621లో నాన్సీలో పుట్టి 1691లో పోయిన ఆయన రాజుగారి చిత్రకారుడు. రాజు ఖర్చుతో చెక్కించిన రేకులు తర్వాత లూవ్ర్ మ్యూజియంవారి ముద్రణ సంగ్రహానికి (రేకులను దాచి అచ్చు తీసే సంస్థకు) చేరాయి. 1797లో ఏర్పడిన ఆ సంస్థ పాత రేకుల మీద కొత్త ప్రతులు తీసి అమ్ముతూ వచ్చింది. వాటిమీద సిరా లేని ఒత్తుడు ముద్ర ఉంటుంది. అవి దొంగ సరుకు కావు, గోడకు నాకైతే అవే చాలు, కానీ వాటికి మూడువందల ఏళ్ళ నాటి ప్రతికిచ్చే ధర ఇవ్వకూడదు.

కాగితాన్ని వెలుతురుకు అడ్డంగా ఎత్తిపట్టు. కాగితం తయారుచేసే జల్లెడ తీగల గీతలు లేని సమతలపు కాగితం ఆ శతాబ్దానిది కాదు. గీతలున్నంత మాత్రాన పాతదీ కాదు. నడిమి మడతను మాత్రం తప్పు పట్టకు, ఇటువంటి పెద్ద పటాలను మడిచి సంపుటాలుగా కుట్టేవారు.

చివరగా, బొమ్మ చుట్టూ రేకు ఒత్తుకున్న పల్లాన్ని వేలితో తడిమి చూడు. నా మొదటి పటం ఫ్రేముకు పట్టలేదని, ఆ పల్లానికి లోపలగా బ్లేడుతో నేనే నాలుగు అంచులూ కోసేశాను. బల్లమీద మిగిలిన పేలికలను ఊడ్చి పారేశాక గానీ ఒక పెద్దాయన వచ్చి, రేకుతో అచ్చయిందనే గుర్తునే పోగొట్టుకున్నానని చెప్పలేదు. నీ పటానికి ఆ పల్లం నాలుగు వైపులా ఉందో లేదో చూసి రాత్రికి ఫోను చెయ్యి, ధర సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

మామయ్య