మలుపు మీద మలుపు: మెకా కథ పట్టు తప్పేదెక్కడ?

ప్రశ్న: మనుషులు లోపల కూర్చుని నడిపే భారీ యుద్ధరోబోల యానిమే (జపనీస్ యానిమేషన్) సిరీస్‌లంటే, అంటే మెకా కథలంటే, నాకు చాలా ఇష్టం. అయితే ఈ మధ్య చూసిన కొన్నింటిలో ప్రతి ఎపిసోడ్ చివరా ఏదో ఒక రహస్యం బయటపడుతోంది. మిత్రుడు ద్రోహి అవుతున్నాడు, చనిపోయినవాడు తిరిగి వస్తున్నాడు. మొదట్లో ఊపిరి బిగపట్టి చూసిన నేనే, సగం దాటేసరికి ఎవరేమైపోతే నాకేమిటి అనుకునే స్థితికి వచ్చాను. లోపం కథలో ఉందా, నాలో ఉందా?

జవాబు: లోపం మీలో లేదు. మీరు పెట్టుకున్న నమ్మకాన్ని కథే పదే పదే వమ్ము చేసినందువల్ల కలిగిన నిర్లిప్తత అది. వివరంగా చెప్పాలంటే కొన్ని సిరీస్‌ల కీలక ఘట్టాలను బయటపెట్టక తప్పదు కాబట్టి, ‘ఎవాంజెలియన్’, ‘కోడ్ గియాస్’, ‘ఆల్డ్‌నోవా జీరో’ ఇంకా చూడనివారు ముందు వాటిని చూసి ఆ తర్వాత ఈ జవాబు చదవవలసిందిగా కోరుతున్నాను.

ఇతర సాహసగాథలకు లేని అవసరం ఒకటి మెకా కథకు ఉంది. 18 మీటర్ల ఎత్తున్న యంత్రం కాళ్ల మీద నిలబడి యుద్ధం చేస్తుందని ప్రేక్షకుడు నమ్మాలంటే, ఆ యంత్రానికి బరువుండాలి, ఇంధనం అయిపోతూ ఉండాలి, దెబ్బ తగిలితే చెయ్యి ఊడిపోవాలి, కాక్‌పిట్‌లో కూర్చున్నవాడి ప్రాణానికి పూచీ ఉండకూడదు. 1972లో మొదలైన ‘మజింగర్ జెడ్’తో హీరో రోబో లోపల కూర్చుని నడిపే పద్ధతి స్థిరపడినప్పటి నుంచీ ఈ కథల బలమంతా ఇటువంటి కట్టుబాట్లలోనే ఉంది. మలుపు ఆ కట్టుబాట్లకు లోబడి వస్తే కథ బిగుస్తుంది. వాటిని తెంచుకుని వస్తే నేల విడిచి సాము చేసినట్టే అవుతుంది.

1995 నాటి ‘ఎవాంజెలియన్’ సంగతే చూడండి. అందులోని యంత్రానికి బయటి నుంచి కేబుల్ ద్వారా విద్యుత్తు అందుతుంది, ఆ కేబుల్ తెగితే లోపలి బ్యాటరీ 5 నిమిషాలకు మించి రాదు. ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్‌లో తెర మీద తగ్గిపోయే ఆ అంకెలను చూసి చూసి మనకు ఆ నియమం ఒంటబడుతుంది. అందుకే 19వ ఎపిసోడ్‌లో బ్యాటరీ పూర్తిగా అయిపోయాక కూడా యంత్రం తనంతట తాను కదలడం మొదలుపెట్టినప్పుడు మన వెన్నులో చలి పుడుతుంది. పైగా ఆ మలుపు ఆకాశం నుంచి ఊడిపడినది కాదు. మొదటి ఎపిసోడ్‌లోనే, పైలట్ కాబోయే కుర్రవాడు ఎక్కకముందే, పైనుంచి కూలుతున్న ఇనుప దూలాలు ఆ కుర్రవాడి మీద పడకుండా యంత్రం చెయ్యి అడ్డుపెట్టింది. ఆ యంత్రంలో ఉన్నది అతని తల్లి ఆత్మ అని తర్వాత గ్రహించిన ప్రేక్షకుడు వెనక్కి వెళ్లి ఆ చేతిని మళ్లీ చూస్తాడు. గడిచిపోయిన దృశ్యానికి కొత్త అర్థం రావడమే నా దృష్టిలో మంచి మలుపుకు గుర్తు.

ఇదే కొలతతో 2006లో మొదలైన ‘కోడ్ గియాస్’ను చూస్తే మలుపు ఎంత గొప్పగా పండుతుందో, ఎంతగా పల్చబడుతుందో ఒకే సిరీస్‌లో కనిపిస్తుంది. మొదటి సీజన్ 22వ ఎపిసోడ్‌లో, జపాన్‌ను ఆక్రమించిన సామ్రాజ్యపు యువరాణిగా ఉండి కూడా జపనీయులకు ప్రత్యేక పాలనా మండలం ప్రకటించిన యూఫెమియా ప్రయత్నాన్ని దెబ్బతీయాలని వచ్చిన కథానాయకుడు లెలూష్, ఆమెతో ఏకాంతంగా మాట్లాడి, ఆమె చిత్తశుద్ధికి ఓడిపోయి, చేతులు కలపడానికి ఒప్పుకుంటాడు. ఎదుటివారి కళ్లలోకి చూసి ఆజ్ఞాపిస్తే వారు పాటించక తప్పని శక్తి అతనికి ఉంది. మనసు తేలికపడిన ఆ క్షణంలో, తన శక్తి ఎంతటిదో పరిహాసంగా వివరిస్తూ, జపనీయులను చంపమన్నా నువ్వు చంపక తప్పదని అంటాడు. సరిగ్గా అప్పుడే అతని శక్తి అదుపు తప్పుతుంది. ఆమె వణుకుతూ కాసేపు ప్రతిఘటిస్తుంది, తర్వాత ముఖం ప్రశాంతంగా మారిపోయి, నిండు సభ వైపు పరుగెడుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ పరుగు దగ్గర గొంతు పూడుకుపోతుంది. ఈ దృశ్యాన్ని యాదృచ్ఛికమని కొట్టిపారేయలేము. ఇటువంటి శక్తి క్రమంగా అదుపు తప్పుతుందని కొన్ని ఎపిసోడ్ల ముందే మావో అనే పాత్ర ద్వారా చూపించారు. ఇతరుల ఆలోచనలు చెవిలో పడకుండా ఆపలేక, అతడు నిత్యం హెడ్‌ఫోన్లు పెట్టుకుని తిరుగుతాడు.

2008 నాటి రెండో సీజన్‌లోనూ అద్భుతమైన ఘట్టాలున్నాయి, కాదనను. కానీ వాటికి ఊపిరి పీల్చుకునే వ్యవధి లేదు. లెలూష్ చెల్లెలు నన్నాలీ భయంకరమైన పేలుడులో మరణించిందని అందరూ నమ్ముతారు, లెలూష్ బ్రతుకు మీద ఆశ వదులుకునేంతగా కుంగిపోతాడు. కొద్ది ఎపిసోడ్లకే ఆమె సజీవంగా ప్రత్యర్థుల పక్షాన ప్రత్యక్షమవుతుంది. ఆమె రాక కథకు అవసరమే కావచ్చు. అయితే ప్రేక్షకుడు ఆ శోకానికి ఇచ్చిన కన్నీళ్లు వెనక్కి రావు. తర్వాతి మరణం దగ్గర ఏడవడానికి ముందు, ఇది నిజమేనా అని అతడు ఆగి చూస్తాడు. నాన్నా పులి కథలో జరిగింది ఇదే. పులి నిజంగా వచ్చిననాడు పలికేవాడు ఉండడు.

ప్రశ్న: ఇంత అనుభవమున్న రచయితలు, దర్శకులు ఈ సంగతి గ్రహించరా? ఎందుకిలా చేస్తారు?

జవాబు: గ్రహిస్తారు. అయితే ప్రసార పద్ధతి వారిని ఆ వైపు తోస్తుంది. అప్పట్లో రోబో సిరీస్‌లు ఏడాది పొడవునా, దాదాపు 50 ఎపిసోడ్లు నడిచేవి. ఇప్పుడు చాలావాటికి దక్కేది 12 లేదా 24. పాత్రల సంఖ్య, రాజ్యాల సంఖ్య, రహస్యాల సంఖ్య తగ్గించకుండా చోటు మాత్రం సగం చేస్తే, ఒక మలుపుకూ మరో మలుపుకూ మధ్య ఉండవలసిన సామాన్యమైన రోజులు, అంటే పైలట్ నిద్రపట్టక దొర్లే రాత్రి, మెకానిక్ విరిగిన భాగాన్ని మార్చే ఉదయం, ముందుగా కత్తిరింపుకు గురవుతాయి. మనుషుల మీద మనకు మమకారం పుట్టేది ఆ రోజుల్లోనే.

రెండు భాగాలుగా విడదీసి ప్రసారం చేసే పద్ధతి మరో కారణం. ‘ఆల్డ్‌నోవా జీరో’ మొదటి భాగం 2014 సెప్టెంబరులో ముగిసి, రెండోది 2015 జనవరిలో మొదలైంది. ఆ విరామంలో ప్రేక్షకులు జారిపోకూడదనే ఆత్రమే కాబోలు, మొదటి భాగం చివర యువరాణికీ, తలలో తూటాతో కథానాయకుడికీ మరణమే అనిపించేలా ఆపారు. తీరా రెండో భాగంలో ఇద్దరూ బ్రతికే ఉన్నారు. అతనికి కృత్రిమ నేత్రం కూడా అమరింది. ఆ మూడు నెలలూ ప్రేక్షకులు పడిన వేదనకు విలువ లేకుండా పోయింది.

2013 నాటి ‘వాల్వ్‌రేవ్’ గురించి నాకు ఇంకా బాధే. ఒక పాఠశాల విద్యార్థులు తమంతట తాము స్వతంత్ర దేశంగా ప్రకటించుకోవడం ఎంత లోతైన ఊహ! ఆహారం ఎలా, చట్టం ఎవరిది, తప్పు చేసిన స్నేహితుణ్ణి ఎవరు శిక్షించాలి, ఈ మూడు ప్రశ్నలతోనే 24 ఎపిసోడ్లు నడిపించవచ్చు. అమరత్వం, శరీరాల మార్పిడి, ప్రపంచాన్ని చాటుగా ఏలే రహస్య మండలి వరుసగా వచ్చి పడేసరికి ఆ దేశం కథ మధ్యలో ఎక్కడో తప్పిపోయింది.

ప్రశ్న: మలుపులు తగ్గిస్తే కథ చప్పబడదా?

జవాబు: చప్పబడదని చెప్పడానికి 1979 నాటి ‘మొబైల్ సూట్ గండమ్’ ఒక్కటి చాలు. 52 ఎపిసోడ్లుగా తలపెట్టిన ఆ సిరీస్‌ను ఆదరణ లేక 43కే కుదించారు. అయినా దర్శకుడు తొమినో కథను తొందరపాటు మలుపులతో నింపలేదు. ముసుగు వేసుకున్న ప్రత్యర్థి చార్ అసలు ఎవరన్నది ఆ కథలో అతిపెద్ద రహస్యం. దాన్ని చివరిదాకా దాచిపెట్టి ఒక్కసారిగా పేల్చవచ్చు. అలా చేయలేదు. రెండో ఎపిసోడ్‌లోనే కథానాయకుడి పక్షాన ఉన్న సేలా అనే యువతి అతనికి తుపాకి గురిపెడుతుంది, అతను ఆమె ముఖం చూసి ఒక్క క్షణం తడబడతాడు. వారిద్దరూ అన్నాచెల్లెళ్లని మనకు త్వరలోనే తెలిసిపోతుంది. తెలిసిన తర్వాత వారు ఎదురుపడిన ప్రతిసారీ మన గుండె వేగం పెరుగుతుంది. అతని యంత్రం మీద గురిపెట్టేవారికి తెలియనిది మనకు తెలుసు, ఆమెకు తెలుసు.