ట్యాప్ బ్లాక్ వేసే ముందు

అమ్మా,

వచ్చే వారం నుంచి సిజేరియన్ కేసులకు ట్యాప్ బ్లాకులు (పొట్ట గోడ కండరాల మధ్య మత్తుమందు వేసి నొప్పి ఆపే ఇంజెక్షన్లు) నువ్వే వేయాలని టెన్షన్ పడుతున్నావట. సూది సంగతి తర్వాత, ముందు అల్ట్రాసౌండ్ ప్రోబ్ పట్టుకో. పక్కటెముకలకూ తుంటి ఎముక అంచుకూ మధ్య లీనియర్ ప్రోబ్ అడ్డంగా పెడితే మూడు కండరాల పొరలు కనపడాలి. ఏది ఏదో తికమకగా ఉంటే బొడ్డు పక్కన నిలువుగా ఉండే రెక్టస్ కండరం దగ్గర మొదలుపెట్టి మెల్లగా పక్కకు జరుపుకుంటూ రా. లోపలివైపు సన్నగా, నల్లగా ఉండేది ట్రాన్స్‌వర్సస్. దానికీ, పైనున్న ఇంటర్నల్ ఆబ్లిక్‌కూ మధ్య సందే మనకు కావాలి.

2001లో డాక్టర్ రఫీ ఈ బ్లాక్ గురించి రాసినప్పుడు అల్ట్రాసౌండ్ తెర లేదు, సూది దిగిన 'పాప్' చేతికి తెలియడమే ఆధారం. నీకు తెర ఉంది కదా, మొన కనిపించకపోతే రవ్వంత కూడా ముందుకు తోయకు. కిందే పెరిటోనియం (పొట్ట లోపలి పొర), పేగులు. చేరావనిపించాక ఒకటి రెండు మి.లీ. సెలైన్ వేసి చూడు. కండరం ఉబ్బి మసకబారితే ఇంకా కండరంలోనే ఉన్నావు. ట్రాన్స్‌వర్సస్ కిందికి దిగి, మధ్యలో నల్లటి నీరు కన్ను ఆకారంలో విచ్చుకుంటే సరైన చోటే. ఆ తర్వాతే మందు, అదీ రక్తం వస్తుందేమో సిరంజి వెనక్కి లాగి చూసుకుంటూ, కొంచెం కొంచెంగా.

మన దగ్గరికి వచ్చేవాళ్లలో బక్కపల్చని వాళ్లు ఎక్కువ. అలవాటు కొద్దీ 0.25 శాతం బుపివకెయిన్ మత్తుమందు రెండు వైపులా 20 మి.లీ. చొప్పున వేస్తే 100 మి.గ్రా. అవుతుంది. 42 కిలోల మనిషికి నేనైతే కిలోకు 2 మి.గ్రా. చొప్పున 84 దాటను. మందు పలచన చెయ్యి: 0.2 శాతమైతే అదే 40 మి.లీ.లో 80. సర్జన్ కుట్ల దగ్గర వేసే మందు కూడా ఈ లెక్కలోకే వస్తుంది, ముందే అడుగు. మందు రక్తంలో ఎక్కువైతే విరుగుడుగా ఇచ్చే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ ఓటీలోనే (ఆపరేషన్ థియేటర్‌లోనే) ఉండాలి, స్టోర్‌లో తాళం వేసి కాదు.

బ్లాక్ పొట్ట గోడ నొప్పినే ఆపుతుంది. గర్భసంచి మెలిపెట్టే నొప్పి ఉంటుందని ఆమెకు ముందే చెప్పు, పారాసిటమాల్ మానకు. వెన్నులో ఇచ్చే స్పైనల్ మత్తులో మార్ఫిన్ ఇచ్చి ఉంటే బ్లాక్ వల్ల అదనంగా ఒరిగేది తక్కువ, నేను వేయను.

అన్నట్టు, ఓటీలోని అల్ట్రాసౌండ్ మెషిన్ కూడా 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. పక్క ఆసుపత్రికి ఓ పూట ఇవ్వమంటే ఒప్పుకోకు.