19వ శతాబ్దపు అశ్విక సైనికులు ఎక్కువగా యుద్ధంలోనే చనిపోయేవారా?

కాదు, మామూలు రౌతును కత్తికన్నా, ఫిరంగికన్నా ఎక్కువగా బలిగొన్నది రోగమే. కిక్కిరిసిన శిబిరాల్లో మురుగు తాగునీటిలో కలిసి కలరా, విరేచనాలు వ్యాపించేవి. కారణం ఆ నీళ్లేనని అప్పటి వైద్యుల్లో చాలామందికి తెలియదు. పోరు లేనప్పుడు రౌతుకు రోజంతా గుర్రం సేవలోనే గడిచేది: మాలీసు, మేత, నీళ్లు, లద్దె ఎత్తడం. దాని కడుపు నిండాకే ఇతని భోజనం!

రష్యాతో బ్రిటన్, దాని మిత్రదేశాలు పోరాడిన 1853-56 నాటి క్రిమియా యుద్ధమే చూడండి. బ్రిటిష్ సైన్యంలో చనిపోయిన సుమారు 21,000 మందిలో దాదాపు 16,000 మందిని రోగాలే తీసుకుపోయాయి.

ఆ యుద్ధంలోనే 1854 అక్టోబరు 25న బాలక్లావా అనే ఊరి దగ్గర లైట్ బ్రిగేడ్ అనే బ్రిటిష్ అశ్విక దళం మొత్తం తుడిచిపెట్టుకుపోయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి రష్యా ఫిరంగుల మీదికి దూసుకెళ్లిన సుమారు 670 మందిలో మరణించినది 110 మంది దాకా. గుర్రాలు మాత్రం అంతకన్నా చాలా ఎక్కువగా చచ్చాయి.