ఆయన గీసిన బొమ్మలో మీరున్నప్పుడు

ప్రశ్న: మాది విజయనగరం. మావారు హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి మూడేళ్ల కిందట రిటైరయ్యారు. ఈమధ్య అటక మీది పాత బొమ్మలన్నీ దించి, బ్లేడుతో కోసి, ఆ ముక్కల్ని అట్టల మీద అతికిస్తున్నారు. కొత్త పని అంటారు. సిరిమాను సంబరం బొమ్మ పోయింది. పెళ్లయిన ఏడాది అయ్యకోనేరు గట్టు మీద నన్ను కూర్చోబెట్టి వేసిన బొమ్మా పోయింది. చెద పట్టకుండా ఇన్నేళ్లూ దాన్ని దాచింది నేనే. అడిగితే ‘నా బొమ్మలు నా ఇష్టం’ అన్నారు. విశాఖలో ఉన్న మా అబ్బాయి ‘నాన్నకి మతి తప్పింది, మిగిలినవి నేను పట్టుకుపోతాను’ అంటున్నాడు. నా బొమ్మ కోసీసినారంటే ఇంక నేనే అక్కర్లేదన్నట్టుంది. నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ బొమ్మ సంగతే మాట్లాడతాను. గీసింది ఆయనే గానీ, ఆయన గీసినంతసేపూ కదలకుండా కూర్చున్నది మీరు. తర్వాత దాన్ని కాపాడింది మీరు. పాత చీరలన్నీ బొంత కుట్టేసుకునే ఇంట్లో కూడా పెళ్లి చీర మీద కత్తెర పెట్టేముందు ఆ ఇల్లాలిని ఒక మాట అడుగుతారు. మీవారు అడగలేదు. అది తప్పే. మీరు అతిగా బాధపడుతున్నారని ఎవరన్నా నమ్మకండి. కోపంలో కాకుండా, ఆయన కాస్త తీరిగ్గా ఉన్నప్పుడు ‘బొమ్మ కోసినందుకంటే నాకు చెప్పకుండా కోసినందుకు ఎక్కువ నొప్పేసింది’ అని నేరుగా చెప్పండి. పిల్లల చేత చెప్పించొద్దు.

అయితే మీరే అక్కర్లేదనుకున్నారన్న నిర్ణయానికి మాత్రం అప్పుడే రాకండి. ఆ బొమ్మ చూస్తే మీకు ఆ రోజు గుర్తొస్తుంది. గీసినవాడికి తరచుగా కనబడేది అప్పటి తన చెయ్యి: కుదరని గీత, మురికిగా వచ్చిన రంగు, ఎవరినో చూసి నేర్చుకున్న పద్ధతి. న్యూయార్క్ చిత్రకారిణి లీ క్రాస్నర్ 1953లో తన స్టూడియో గోడల నిండా ఉన్న డ్రాయింగులు ఒకరోజు బొత్తిగా నచ్చక, అన్నిటినీ చించి నేల మీద పారేసి వెళ్లిపోయారు. కొన్ని వారాల దాకా ఆ తలుపు తియ్యలేదు. తీసి చూసేసరికి నేల మీది ముక్కల్లోనే ఆమెకు కొత్త బొమ్మలు కనిపించాయి. వాటితోనూ, అమ్ముడుపోని తన పాత కాన్వాసులతోనూ చేసిన కొలాజ్‌లను, అంటే ముక్కలు అతికించి కట్టిన బొమ్మలను, 1955లో ప్రదర్శించారు. 1976లో, అరవై ఏడేళ్లు దాటాక, చదువుకునే రోజుల్లో బొగ్గుతో గీసిన డ్రాయింగులను మళ్లీ కత్తెర పట్టి కోశారు. వాటినీ ఆ మరుసటి ఏడు జనం ముందు పెట్టారు. మీవారి వయసులో పాత పనిని విప్పి కొత్తగా కట్టాలనిపించడం పిచ్చి కాదని చెప్పడానికే ఇదంతా.

అందుకే ఒక పని చెయ్యండి. ఆయన అతికిస్తున్న గదిలోకి వెళ్లి ‘నా బొమ్మ ముక్కలు ఎక్కడ పెట్టారు, చూపించండి’ అని అడగండి. కొలాజ్ చేసేవాళ్లు ముక్కల్ని గుడ్డిగా ఏరరు. రంగు బాగున్నవి, చెయ్యి బాగా కుదిరినవి వెతికి తీస్తారు. మీ ముక్కలు కొత్త అట్ట మీద ఉన్నాయా, చెత్తబుట్టలో ఉన్నాయా అన్నది తెలిశాక అప్పుడు బాధపడదురు గాని. ఒకవేళ చెత్తలోకే పోయి ఉంటే ఆ మాటా ఆయన నోటితోనే వినండి.

ఇక నేను నిజంగా కంగారుపడే విషయం వేరే ఉంది. ఆయన కోసి అతికిస్తున్నారా, లేక రానురాను కోయడం మాత్రమే మిగిలిందా? అన్నం తింటున్నారా, రాత్రి పడుకుంటున్నారా? ‘ఇవన్నీ ఎందుకు, నేను పోయాక ఎవరు చూస్తారు’ లాంటి మాటలు వస్తున్నాయా? ఉద్యోగం అయిపోయిన మనిషికి తన పని అంతా వృథా అనిపించే రోజులు వస్తాయి. ఒక్కోసారి దిగులు జబ్బుగానే ముదురుతుంది. అలాంటి గుర్తులుంటే ఆలస్యం చెయ్యకుండా మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. మీ నిద్ర గురించి కూడా వాళ్లతో చెప్పుకోవచ్చు. అలా కాకుండా పొద్దున్నే లేచి ఉత్సాహంగా అట్టలు, జిగురు ముందేసుకుని కూర్చుంటున్నారంటే అది పని చేసుకునే మనిషి లక్షణం.

అబ్బాయిని మాత్రం ఆపండి. తండ్రి లేనప్పుడు బొమ్మలు పట్టుకుపోతే, ఇంట్లోవాళ్లంతా తనను పిచ్చివాడి కింద జమకట్టారని ఆయనకు అర్థమవుతుంది. ఆ తర్వాత మీరు ఏ మాట చెప్పినా ఆయన చెవికెక్కదు. అంతకంటే ఈ ఆదివారం వచ్చి, నాన్న పక్కన కూర్చుని, మిగిలిన ప్రతి బొమ్మనూ పగటి వెలుతురులో ఫోటో తియ్యమనండి. వెనకాల ఏడాది, ఊరు రాసుంటే అదీ తియ్యాలి. సిరిమాను బొమ్మలాంటిది పోతే ఇంటికే కాదు, ఊరికీ లోటు. ఫోటోలు తీసేటప్పుడే ఇంట్లోవాళ్ల ముఖాలున్న బొమ్మలు విడిగా పెట్టండి. వాటి మీద బ్లేడు పెట్టాలంటే మీ ఇద్దరి ఒప్పుదలా ఉండాలని అడగండి. తక్కిన కొండలు, చెరువులు, పూలకుండీలు పూర్తిగా ఆయనకే వదిలెయ్యండి. ఎప్పుడో బంధువులకు కానుకగా ఇచ్చినవి వెనక్కి అడగబోతే అది మాత్రం కూడదని గట్టిగా చెప్పండి.

ఇంకో సంగతి. పాత ఆయిల్ రంగుల్లో, ముఖ్యంగా తెలుపులోనూ క్రోమ్ పసుపులోనూ, సీసం ఉండొచ్చు. వాటిని గీకడం, ఉప్పుకాగితంతో రుద్దడం వద్దనండి. వంటింటి దగ్గర కొయ్యనివ్వకండి. రాలిన పొడి చీపురుతో ఊడిస్తే గాల్లోకి లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. మనవలు వచ్చినప్పుడు ఆ గది తలుపు మూసి ఉంచండి.

ఇంట్లోవాళ్ల బొమ్మలు విడిగా పెట్టడానికి ఆయన ససేమిరా అంటే, మీకు ప్రాణమైన రెండు మూడు బొమ్మలు ఆయన ఎదురుగానే తీసుకుని మీ బీరువాలో పెట్టుకోండి. ‘ఇవి నావి, అడక్కుండా ముట్టుకోవద్దు’ అనండి. అలా అనే హక్కు మీకుంది.