ఒక్కసారే ఎర్రగా వచ్చింది, గొట్టం పరీక్ష తప్పదా?

ప్రశ్న: మా బాపుకు 66 ఏళ్లు. కొత్తవాడలో జంపఖానాల నూలుకు రంగులద్దే పని ముప్పై ఏళ్లు చేశాడు. బీడీ అలవాటుంది. నెల కింద రెండ్రోజులు మూత్రం ఎర్రగా వచ్చింది, నొప్పేమీ లేదు. వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగిస్తే తగ్గింది. డాక్టర్ మూత్రం వచ్చే దారిలో గొట్టం వేసి మూత్రాశయం లోపల చూడాలన్నారు, బాపు ససేమిరా అంటున్నాడు. మూత్రంలో జన్యువుల పరీక్షతో క్యాన్సర్ తెలిసిపోతుందట కదా, అది చాలదా?
– ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: అమ్మా, తగ్గింది సబ్జా వల్ల అనుకోకండి. మూత్రాశయంలో గడ్డ ఉన్నా రక్తం దానంతటదే ఆగిపోతుంది, మళ్లీ నెలల తర్వాత కనిపిస్తుంది. "తగ్గింది సార్, అందుకే రాలేదు" అనే మాట హన్మకొండలో నా గదిలో ఎన్నిసార్లు విన్నానో! మంట, నొప్పి ఉంటే ఇన్ఫెక్షనో, రాయో అనుకోవచ్చు. నొప్పి లేకుండా రక్తం పడితేనే నాకు టెన్షన్.

మీరు విన్న పరీక్ష నిజమే. గడ్డ మీది కణాలు రాలి మూత్రంలో కలుస్తాయి. వాటిలో టెర్ట్, ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 లాంటి జన్యువుల్లో వచ్చిన మార్పులను వెతుకుతారు. యూరోవిజన్ అనే పరీక్షలో 3, 7, 17 క్రోమోజోములకు, 9వ దానిలో ఒక ముక్కకు మెరిసే రంగులంటించి, మైక్రోస్కోపులో చుక్కలు లెక్కపెడతారు. మామూలు కణంలో ఒక్కో రంగుకు రెండు చుక్కలుండాలి. మూడు, నాలుగు కనిపించే కణాలు ఎక్కువైతే అనుమానించాలి. రంగుల పని చేసిన మీ బాపుకు ఇది చెబితే ఇట్టే అర్థమవుతుంది.

చిక్కు ఎక్కడంటే, చిన్న గడ్డలు, నెమ్మదిగా పెరిగే రకాలు ఈ పరీక్షలకు దొరక్కుండా పోవచ్చు. రిపోర్టు నెగటివ్ అని ఇంట్లో కూర్చుంటే మోసపోతాం. పాజిటివ్ వస్తే మాత్రం? గడ్డ మూత్రాశయంలో ఉందో, పైన కిడ్నీ నాళంలో ఉందో అది చెప్పదు. చివరికి గొట్టంతో చూడాల్సిందే, ముక్క తీయాల్సిందే. నన్నడిగితే, గడ్డ తీసేశాక మళ్లీ వస్తోందా అని ఏళ్ల తరబడి కనిపెట్టి ఉండేటప్పుడు గొట్టం పరీక్షకు తోడుగా ఈ పరీక్షలు బాగా పనికొస్తాయి.

బాపు భయం గొట్టం గురించే అయితే, ఇప్పుడు వంగే సన్నని గొట్టాలున్నాయని చెప్పండి. మత్తు జెల్లీ వేస్తారు, పది నిమిషాల పని. తర్వాత ఒకట్రెండు రోజులు ఒంటికి పోసేటప్పుడు మంట ఉంటుంది, నీళ్లు ఎక్కువ తాగితే సరి. కిడ్నీలకు స్కాన్ కూడా రాస్తారు. మూత్రంలో కణాల పరీక్ష కూడా రాస్తే, పొద్దున లేవగానే పట్టింది ఇవ్వకండి. రాత్రంతా నిలవున్న మూత్రంలో కణాలు చెడిపోతాయి.

ఇంకో మాట. బీడీ సంగతి డాక్టర్లు అడుగుతారు, రంగుల సంగతి అడగరు. 1895లోనే జర్మనీలో లుడ్విగ్ రెన్ అనే సర్జన్ రంగుల ఫ్యాక్టరీ కార్మికుల్లో ఈ గడ్డలను గుర్తించాడు. ఇలాంటి గడ్డలు తెచ్చే బెంజిడీన్ అనే రసాయనంతో చేసిన రంగులను మన దగ్గర 1993లో గానీ నిషేధించలేదు. ఆ రంగులు ముట్టిన ఇరవై, ముప్పై ఏళ్లకు కూడా జబ్బు బయటపడొచ్చు. బాపు ఏ ఏళ్లలో, ఏ పొడులు కలిపాడో, చేతులకు తొడుగులుండేవో లేదో అడిగి ఒక కాగితం మీద రాసుకుని ఈ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.